వైకల్య శాత నిర్ణయముపై అప్పీలు: అర్జీదారులు తెలిసికొనవలసిన విషయములు

అంగవైకల్యము గలవారికి ప్రభుత్వమువలన లభించు పింఛను, కళాశాలలలో ప్రత్యేక ప్రవేశము, ఉద్యోగములలో కేటాయింపు మొదలగు సౌకర్యములు చాలవరకు ఒక్క కాగితముపై ఆధారపడి యున్నవి. వైద్యాధికారు లిచ్చు వైకల్య ధ్రువపత్రమే ఆ కాగితము. అందు వ్రాయబడిన అంకె 40 శాతమైనచో పెక్కు సౌకర్యములకు అర్హత కలుగును. 38 శాతమైనచో కలుగదు. రెండు శాతముల తేడావలన ఒక కుటుంబమునకు నెలనెలా వచ్చు ఆధారము నిలిచిపోవచ్చును. అట్టి నిర్ణయము తప్పని తోచినవారు ఊరకుండ నవసరము లేదు. దానిని పై అధికారులచే పునర్విచారణ చేయించుకొను హక్కును చట్టమే ఇచ్చినది.

చట్టము చెప్పునది

1995 నాటి చట్టములో ఏడు విధములైన వైకల్యములు మాత్రమే గుర్తింపబడి యుండెను. దాని స్థానమున వచ్చిన 2016 నాటి వైకల్యముగల వ్యక్తుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. ఇందు 21 వైకల్యములు పేర్కొనబడినవి. చూపు, వినికిడి, కాలు సేతుల లోపములే గాక మానసిక వ్యాధి, ఆటిజము, పార్కిన్సన్ వ్యాధి, తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ వ్యాధి మొదలగునవి కూడ ఇందు కలవు. ఇవి కంటికి కనబడని వైకల్యములగుటచే, పరీక్షలో వీని తీవ్రత తక్కువగా లెక్కింపబడు ప్రమాదము హెచ్చు.

ఈ చట్టములోని 58వ సెక్షను ప్రకారము, అర్జీదారుని పరీక్షించిన పిమ్మట అధికారి ధ్రువపత్రమైనను ఇయ్యవలెను, లేదా వైకల్యము లేదని వ్రాతపూర్వకముగా నైనను తెలుపవలెను. నోటిమాటతో త్రిప్పిపంపుట చెల్లదు. ఈ పని జరుగవలసిన గడువు 2024లో వచ్చిన నియమముల సవరణ ననుసరించి మూడు నెలలు. 59వ సెక్షను ప్రకారము, ఆ నిర్ణయముతో తృప్తి చెందనివారు రాష్ట్ర ప్రభుత్వము నియమించిన అప్పీలు అధికారికి, ఆ ప్రభుత్వము విధించిన గడువులోపల అప్పీలు చేసికొనవచ్చును. గడువు, పద్ధతి రాష్ట్రమునుబట్టి మారును. కనుక కాగితము చేతికి వచ్చిన వారములోనే ఆసుపత్రి సూపరింటెండెంటు కార్యాలయమునందు గాని, జిల్లాలోని వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయమునందు గాని ఆ వివరములు కనుగొనుట మేలు.

ఏ నిర్ణయము తప్పు?

అప్పీలు వ్రాయుటకు ముందు ఒక విషయము తేల్చుకొనవలెను. వైద్యులు నిర్ణయించు శాతము వేరు; ఆ శాతమును చూచి పింఛను మంజూరు చేయు కార్యాలయపు ఉత్తర్వు వేరు. ఒక్కొక్క పథకమునకు ఒక్కొక్క హద్దు గలదు. కేంద్ర ప్రభుత్వపు ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛనుకు 80 శాతము వైకల్యముతో బాటు దారిద్ర్యరేఖకు దిగువ నుండుటయు అవసరము. రాష్ట్రముల పింఛనులకు తరచుగా 40 శాతమే హద్దు. శాతము సరిగానే యుండి, ఆదాయము, వయస్సు, చిరునామా మొదలగు కారణములచే పింఛను నిలిచినచో, వైద్యులకు అప్పీలు చేసిన ప్రయోజనము లేదు. పింఛను మంజూరు చేసిన కార్యాలయమునకే అర్జీ పెట్టవలెను. శాతమే తప్పైనచో వైద్య నిర్ణయముపై అప్పీలు చేయవలెను. ఈ రెంటిని కలగలిపి ఒకే అర్జీలో వ్రాసినందున పెక్కు అర్జీలు బల్లనుండి బల్లకు తిరుగుచుండును.

ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగ పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలకు పెంపబడినది. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలైనది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుదారులకు పునఃపరీక్షలు జరిపి, 40 శాతమునకు లోబడినట్లు తేలినవారికి నోటీసు లిచ్చినప్పుడు, అప్పీలు చేసికొనువారికి మరల పరీక్ష జరుపు అవకాశము కల్పింపబడినది. నోటీసు అందుటయే తుది తీర్పు కాదని దీనివలన తెలియుచున్నది.

శాతము ఎట్లు లెక్కింతురు?

వైద్యుడు తన ఊహనుబట్టి అంకె వేయరాదు. కేంద్ర ప్రభుత్వము 2018లో ప్రకటించి 2024లో సవరించిన మార్గదర్శక సూత్రములు ప్రతి వైకల్యమునకు ఒక కొలతను విధించినవి. చూపును మేలైన కంటితో, తగిన కళ్ళద్దములు పెట్టి కొలుతురు. వినికిడిని ఆడియోమీటరు యంత్రముతో రెండు చెవులకును కొలుతురు. మానసిక వ్యాధిలో, తన పనులు తాను చేసికొనుట, ఇతరులతో మెలగుట, మాటలాడి గ్రహించుట, వృత్తి సాగించుట అను నాలుగు విషయములను విచారింతురు.

ఒకే వ్యక్తికి రెండు వైకల్యములున్నచో ఆ శాతములను ఊరక కూడరు. పెద్ద అంకెను 90 నుండి తీసివేసి, మిగిలినదానిని చిన్న అంకెతో గుణించి, 90చే భాగించి, వచ్చిన ఫలమును పెద్ద అంకెకు కలుపుదురు. ఉదాహరణకు, పోలియోవలన ఒక కాలు చచ్చుపడి, గుంటమగ్గము తొక్కలేకపోయిన నేతపనివాని కాలి లోపము 30 శాతము, వినికిడి లోపము 20 శాతము అనుకొందము. 90 నుండి 30 పోగా 60. 60ని 20తో గుణించిన 1,200. దానిని 90చే భాగించిన సుమారు 13. కావున మొత్తము 43 శాతము. కాని పరీక్షనాడు కాలిని మాత్రమే చూచి, చెవిని పరీక్షింపకున్నచో, ధ్రువపత్రములో 30 శాతమే పడును. ఆ కుటుంబమునకు న్యాయముగా రావలసిన పింఛను రాకపోవును. ఇట్టి పొరపాటు అప్పీలులో సులభముగా సరిదిద్దదగినది.

తక్కువ శాతము వచ్చిన ప్రతిచోటను తప్పు జరిగినదని భావింపరాదు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండవ కన్ను బాగుగా నున్నవారికి మార్గదర్శకముల ప్రకారమే 30 శాతము వచ్చును. అది కొలత యొక్క హద్దే గాని వైద్యుని తప్పు కాదు. అట్లే, పరీక్ష జరిగిన తరువాత వ్యాధి ముదిరినచో అప్పీలుకంటె క్రొత్త దరఖాస్తు పెట్టుట సరియైన మార్గము.

అప్పీలులో వ్రాయదగిన కారణములు

ఒక వైకల్యమును మాత్రమే పరీక్షించి రెండవదానిని విడిచిపెట్టుట. అవసరమైన యంత్రపరీక్ష జరుపకయే అంకె వేయుట. పూర్వపు శస్త్రచికిత్స, చికిత్స కాగితములను చూడకుండుట. మారుటకు వీలులేని వైకల్యమునకు తాత్కాలిక ధ్రువపత్ర మిచ్చుట. పేరు, వయస్సు, అవయవము తప్పుగా నమోదగుట. ఇవన్నియు బలమైన కారణములు. బీదరికము, కుటుంబ భారము మొదలగునవి నిజమే యైనను, అవి శాతమును మార్చజాలవు. వానిని క్లుప్తముగా పేర్కొనిన చాలును.

అప్పీలు ఒక పుటకు మించ నవసరము లేదు. ఈ క్రింది విధముగా వ్రాయవచ్చును: “ఫలానా తేదీన ఫలానా ఆసుపత్రిలో నన్ను పరీక్షించి 30 శాతము వైకల్యమున్నట్లు ధ్రువపత్ర మిచ్చిరి. నా వినికిడి లోపమును ఆనాడు పరీక్షింపలేదు. ఆడియోగ్రాము నకలు జతపరచినాను. రెండు వైకల్యములను కలిపి మరల పరీక్ష జరిపించ ప్రార్థన.” దీనికి ధ్రువపత్రము, నోటీసు, వైద్య కాగితముల నకళ్ళు జతచేయవలెను. అసలు కాగితములు ఎవరికిని ఇయ్యరాదు. అర్జీ ఇచ్చినందుకు తేదీ, ముద్రగల రసీదు తప్పక తీసికొనవలెను. గడువు దాటినచో ఆలస్యమునకు గల కారణమును కూడ వ్రాయవలెను. మైనరుల తరపునను, స్వయముగా అర్జీ పెట్టలేనివారి తరపునను సంరక్షకులు అర్జీ పెట్టవచ్చును.

తన పరీక్ష కాగితములు తనవద్ద లేనివారు 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద నకళ్ళు కోరవచ్చును. సాధారణముగా 30 దినములలో జవాబు రావలెను. ఆ జవాబు వచ్చువరకు ఆగి అప్పీలు గడువును పోగొట్టుకొనరాదు. అప్పీలు ముందుగా పెట్టి, కాగితములు తరువాత అందజేయవచ్చును.

పునఃపరీక్షనాడు

వాడుచున్న కళ్ళద్దములు, చేతికర్ర, కాలిపట్టీ, మందులచీటీలు వెంట తీసికొని పోవలెను. ప్రతిదినము చేరువనుండి చూచుచున్న ఇంటివారిలో ఒకరు తోడుగా నుండుట మంచిది. వైద్యు డడిగినప్పుడు సంకోచముచే “బాగానే యున్నాను” అని చెప్పుట మనవారిలో పరిపాటి. అది మర్యాదయే గాని, పరీక్షలో అపకారము చేయును. స్నానము, వంట, మెట్లెక్కుట మొదలగు పనులలో ఏది చేయగలరో, దేనికి ఇతరుల సాయము కావలెనో ఉన్నదున్నట్లు చెప్పవలెను. ఉన్నదానికంటె హెచ్చుగా చూపుటయు తగదు. మోసముచే సౌకర్యము పొందినవారికి రెండు సంవత్సరములవరకు జైలుశిక్ష గాని, లక్ష రూపాయలవరకు జరిమానా గాని, రెండునుగాని విధింప చట్టములో వీలున్నది. శాతము పెంచి యిప్పింతుమని డబ్బడుగు దళారులను నమ్మరాదు. మరల జరుగు పరీక్షలో శాతము పెరుగవచ్చును, మారకపోవచ్చును, తగ్గుటయు సంభవమే.

అప్పీలు ఫలింపనిచో

రాష్ట్రములోని వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చును. సాక్షులను పిలిపించుటకు, కాగితములు తెప్పించుటకు ఆ అధికారికి సివిలు కోర్టునకుగల అధికారములు కలవు. అటుపై హైకోర్టులో రిట్ పిటిషను వేయవచ్చును. అంగవైకల్యము గలవారికి 1987 నాటి చట్టము క్రింద ఉచిత న్యాయసహాయము లభించును. ఇందుకై జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని, 15100 అను టెలిఫోను సంఖ్యను గాని ఆశ్రయింపవచ్చును. 40 శాతము లేనంతమాత్రాన అన్ని హక్కులును పోవు. పరీక్షలో వ్రాతగాని సాయము పొందుటకు 40 శాతము తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పినది.

వైకల్యమును కొలుచు వైద్యులు ఒక దినమున పెక్కుమందిని చూడవలసి యుండును. పొరపాటు జరుగుట వింత కాదు. దానిని సరిదిద్దుటకే అప్పీలు ఏర్పడినది. అప్పీలు చేయుట అధికారులను ధిక్కరించుట కాదు, భిక్షమడుగుటయు కాదు. అర్జీదారు తన కాగితములను భద్రపరచుకొని, గడువు మీరక, సత్యమునే చెప్పి అడిగినచో, విచారించి జవాబిచ్చుట అధికారుల విధి.