పొడగరి విలువ

గెలుపును పాయింట్లతో లెక్కించే ఆటలలో పాయింటు తెచ్చినవానికి కీర్తి దక్కడం సహజం. ప్రత్యర్థికి పాయింటు రాకుండా అడ్డుకున్నవాని పేరు అంతగా వినిపించదు. ఈ వ్యత్యాసం పొడగరులైన ఆటగాళ్ళ విషయంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. బాస్కెట్‌బాల్‌లో బుట్ట దగ్గర నిలిచే ఆజానుబాహువైనా, వాలీబాల్‌లో నెట్ మధ్యభాగాన నిలిచే పొడగరి అయినా రెండు బాధ్యతలను మోయవలసినవాడే. మొదటిది దాడి, రెండవది రక్షణ. ఈ రెండింటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలి? ఆ విలువను ఏ త్రాసులో తూచాలి? ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ పాఠం ఉద్దేశం.

పల్నాటి సీమలోని నడికుడి, దాచేపల్లి, పిడుగురాళ్ల వంటి ఊళ్ళ యువతకు బాస్కెట్‌బాల్ కంటే వాలీబాల్ చిరపరిచితమైన ఆట. చదును చేసిన నేల, రెండు గుంజలు, ఒక నెట్, ఒక బంతి ఉంటే చాలు, ఆట మొదలవుతుంది. గ్రామీణ యువకునికి ఈ ఆట వినోదం మాత్రమే కాదు. క్రీడల కోటాలో కళాశాల సీటుకు, రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగానికి అది ఒక మార్గం. ఎంపిక పోటీలలో అతని ప్రతిభను తేల్చడానికి లభించే సమయం చాలా తక్కువ. ఆ కొద్దిసేపట్లో చూసేవారి దృష్టి స్మాష్‌ల మీదనే నిలిస్తే, ఒక యువకుని సామర్థ్యంలో సగం కనబడకుండానే పోతుంది. అందువల్ల ఈ తూకం కేవలం పండిత చర్చ కాదు. జీవితాలతో ముడిపడిన విషయం.

వాలీబాల్‌లో తెలుగువారి ఘనత తక్కువేమీ కాదు. గుంటూరు జిల్లా కొప్పురావూరుకు చెందిన అరికపూడి రమణారావు ఆటగాడిగా అర్జున పురస్కారాన్ని, శిక్షకునిగా 1990 సంవత్సరపు ద్రోణాచార్య పురస్కారాన్ని అందుకున్నారు. 1986లో సియోల్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం గెలిచిన భారత జట్టులో పి.వి. రమణ సభ్యులు. రైల్వే ఉద్యోగిగా ఉంటూ ఆటలో రాణించిన ఆయనకు 2000 సంవత్సరపు అర్జున పురస్కారం లభించింది. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు ఆయన కుమార్తె.

పొడగరి విలువను తూచే ముందు ఆట స్వరూపాన్ని కొంత తెలుసుకోవాలి. వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. పురుషులకు నెట్ ఎత్తు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు. జట్టుకు ఆరుగురు చొప్పున ఆడతారు. ముగ్గురు ముందు వరుసలో, ముగ్గురు వెనుక వరుసలో నిలుస్తారు. సర్వీసు తమ చేతికి తిరిగి వచ్చినప్పుడల్లా ఆరుగురూ గడియారపు ముల్లు తిరిగే దిశలో ఒక్కొక్క స్థానం జరుగుతారు. అనగా ఎంతటి పొడగరి అయినా ఆరు స్థానాలలో మూడింటిలో మాత్రమే నెట్ దగ్గర ఉంటాడు. తక్కిన మూడింటిలో అతడు వెనుక వరుసలో ఉండవలసినవాడే.

ముందు వరుసలో ఉన్నప్పుడు అతని దాడి రెండు విధాలుగా ఉంటుంది. మొదటిది ప్రత్యక్షమైనది. లిఫ్టర్ బంతిని నెట్‌కు దగ్గరగా, తక్కువ ఎత్తులో లేపుతాడు. బంతి లిఫ్టర్ చేతిని వీడే సమయానికే పొడగరి గాలిలోకి లేచి ఉండి, ప్రత్యర్థి తేరుకునేలోగా కొడతాడు. రెండవది పరోక్షమైనది. బంతి తనకు రాకపోయినా అతడు వచ్చినట్లే గెంతుతాడు. అవతలి పక్షపు మధ్య ఆటగాడు అతనిని అడ్డుకోవడానికి తానూ గెంతక తప్పదు. ఆ క్షణంలో బంతి పక్కకు వెళుతుంది. పక్కన ఉన్న స్మాషర్‌కు ఎదురుగా ఇద్దరికి బదులు ఒక్కడే మిగులుతాడు. పాయింటు స్మాషర్ పేరున నమోదవుతుంది; దానికి దారి చేసినవాని పేరు ఆ పట్టికలో ఉండదు.

రక్షణ కూడా ఇటువంటిదే. ప్రత్యర్థి స్మాష్‌ను చేతులతో అడ్డుకుని నేరుగా అవతలి నేల మీద పడవేస్తే అది బ్లాక్ పాయింటు. అది అందరికీ కనిపిస్తుంది. అయితే చాలాసార్లు బంతి వేళ్ళను తాకి, వేగం తగ్గి, వెనుక వరుసలోని వారికి చిక్కుతుంది. 1976లో వచ్చిన నియమం ప్రకారం బ్లాక్‌లో తగిలిన స్పర్శను జట్టుకున్న మూడు స్పర్శలలో లెక్కించరు. కనుక వేగం తగ్గిన ఆ బంతితో జట్టు మూడు స్పర్శలనూ వినియోగించుకుని తన దాడిని తీర్చిదిద్దుకోగలదు. అంతేకాక పొడగరి చేతులు కోర్టులో ఒక భాగాన్ని మూసివేస్తే, వెనుక ఉన్నవారు తక్కిన భాగాన్ని కాచుకుంటే సరిపోతుంది. ఆ చేతులకు భయపడి ప్రత్యర్థి బంతిని బయటికి కొట్టినా, మెల్లగా తోసినా, అదీ ఆ అడ్డు ఫలితమే.

అడ్డుకోవడం ఎంతటి బలమో మన సాహిత్యం ఎన్నడో చెప్పింది. భారత యుద్ధంలో పదమూడవ నాడు అభిమన్యుడు పద్మవ్యూహాన్ని ఛేదించి లోనికి చొచ్చుకుపోయాడు. అతని వెనుకనే ప్రవేశించవలసిన ధర్మరాజు, భీముడు, నకులుడు, సహదేవులను శివుని వరబలంతో సైంధవుడు ద్వారం వద్దనే నిలిపివేశాడు. ఆనాటి పరాక్రమం అభిమన్యునిది. ఆనాటి ఫలితాన్ని నిర్ణయించినది మాత్రం సైంధవుని అడ్డు. మంచి పనికి అడ్డుపడేవానిని నేటికీ సైంధవుడు అంటున్నాం. యుద్ధకథలో నిందకు గురైన ఆ పనే క్రీడాంగణంలో ప్రశంసకు పాత్రమవుతుంది.

ఇక లెక్క సంగతి చూద్దాం. ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. ఎంపిక పోటీలో ఇద్దరు పొడగరులు ఆడారు. మొదటివాడు 30 స్మాష్‌లు కొట్టి 12 పాయింట్లు తెచ్చాడు; 8 సార్లు బంతిని నెట్‌లోకో గీత బయటికో కొట్టి పాయింట్లు పోగొట్టాడు. బ్లాక్‌లో అతనికి పాయింట్లు లేవు. రెండవవాడు 15 స్మాష్‌లు కొట్టి 8 పాయింట్లు తెచ్చి, 2 పోగొట్టాడు. బ్లాక్ ద్వారా 3 పాయింట్లు తెచ్చి, నెట్‌ను తాకి 1 పోగొట్టాడు. చూపరుల మనసులో నిలిచేది 12 అనే సంఖ్య. కానీ పోగొట్టినవి తీసివేస్తే మొదటివాని వల్ల జట్టుకు మిగిలినవి 4 పాయింట్లు, రెండవవాని వల్ల మిగిలినవి 8. రెండవవాని వేళ్ళను తాకి వేగం తగ్గిన బంతులు ఈ లెక్కలోకి రానే లేదు.

బాస్కెట్‌బాల్ చరిత్రలో ఈ చర్చకు ప్రసిద్ధమైన జంట ఉంది. అమెరికాకు చెందిన విల్ట్ చాంబర్లిన్ 1962 మార్చి 2న ఒకే ఆటలో 100 పాయింట్లు సాధించాడు. ఆ సీజన్‌లో అతని సగటు ఆటకు 50.4 పాయింట్లు. అతని సమకాలికుడు బిల్ రసెల్ ప్రధానంగా రక్షణకు పేరొందినవాడు. ఆ ఏడాది విజేత రసెల్ జట్టు బోస్టన్ సెల్టిక్స్. 1957 నుండి 1969 వరకు 13 సీజన్లలో రసెల్ 11 సార్లు విజేత జట్టులో ఉన్నాడు. విశేషమేమంటే, ఆ లీగ్‌లో బంతిని అడ్డుకున్న సందర్భాలను అధికారికంగా లెక్కించడం 1973-74 సీజన్‌లో గాని మొదలుకాలేదు. అప్పటికి వీరిద్దరూ ఆ లీగ్‌లో ఆట చాలించారు. రసెల్ ఏ పనిలో అందరికంటే మిన్నగా పేరు పొందాడో, ఆ పనికి పట్టికలో గడి కూడా లేదన్నమాట. అయితే చాంబర్లిన్ విలువను తక్కువ చేయరాదు. 1967లో అతడు తాను కొట్టే బంతులను తగ్గించుకుని సహచరులకు అందించడం పెంచినప్పుడు, అతని జట్టు ఫిలడెల్ఫియా బోస్టన్‌ను ఓడించి విజేతగా నిలిచింది.

రక్షణే గొప్పదని తీర్మానించడం కూడా తొందరపాటే అవుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్ పురుషుల వాలీబాల్ తుదిపోరులో రష్యా మొదటి రెండు సెట్లను బ్రెజిల్‌కు కోల్పోయింది. అప్పుడు శిక్షకుడు వ్లాదిమిర్ అలెక్నో 218 సెంటీమీటర్ల ఎత్తున్న ద్మిత్రి ముసెర్‌స్కీని మధ్య స్థానం నుండి తప్పించి, ప్రధాన స్మాషర్ స్థానానికి మార్చాడు. మూడవ సెట్‌లో ఓటమి అంచు దాకా వెళ్ళిన రష్యా చివరకు 3-2తో స్వర్ణం గెలిచింది. ఆ ఆటలో ముసెర్‌స్కీ సాధించిన పాయింట్లు 31. ఆ రోజున జట్టుకు కావలసినది దాడి. కనుక పొడగరి విలువ అతని ఎత్తులోనే లేదు. జట్టుకు ఆ క్షణాన ఏది కొరవడిందో దానిని అతడు తీర్చగలగడంలో ఉంది.

మరొక విషయం కూడా గమనింపదగినది. 1998లో అంతర్జాతీయ నియమాలలో లిబెరో అనే రక్షణ నిపుణునికి చోటు లభించింది. నాటి నుండి పొడగరి వెనుక వరుసకు వెళ్ళినప్పుడు లిబెరో అతని బదులు ఆడడం పరిపాటి అయింది. ఇది జట్టుకు మేలు చేసింది. ఎదిగే బాలునికి మాత్రం ఒక ప్రమాదాన్ని తెచ్చింది. పదిహేనేళ్ళకే పొడవుగా ఎదిగిన బాలుని నెట్ దగ్గరే నిలిపి, కింది బంతిని అందుకోవడం నేర్పకపోతే, తనకంటే పొడగరి ఎదురైన నాడు అతని చేతిలో మరో విద్య ఉండదు.

కాబట్టి ఎంపిక చేసేవారు ఒక్క స్మాష్‌లనే గాక, చేసిన తప్పులను, తాకిన బంతులను, బంతి రాకపోయినా గెంతిన గెంతులను కూడా రాసుకోవాలి. అందుకు ఒక కాగితం, ఒక పెన్సిలు, చూసే ఓపిక చాలు. గట్టిగా చరిచిన బంతి చప్పుడు మైదానమంతా వినిపిస్తుంది. అడ్డుపడిన వేళ్ళకు చప్పుడు తక్కువ. ఆ తక్కువ చప్పుడును విననంతకాలం నెట్ దగ్గర శ్రమించే యువకునికి దక్కవలసిన అవకాశం దక్కదు.