ఆరిపోయే వెలుగే ఆనవాలు

హైలైటర్ పెన్ను సిరా చుక్కను గ్లాసుడు నీళ్లలో కలిపి, దొంగనోట్లను పట్టే అతినీలలోహిత దీపం కింద పెడితే నీళ్లన్నీ మెరుస్తాయి. సిరాను చిక్కగా చేస్తూ పోతే మెరుపు ఇంకా పెరగాలి. కొంతవరకు పెరుగుతుంది, ఆపైన తగ్గుముఖం పడుతుంది. రంగు అణువులు మరీ దగ్గరైతే, పీల్చుకున్న శక్తిని కాంతిగా విడిచేలోపే పక్క అణువుకు అందిస్తాయి. అలా చేతులు మారుతూ అది చివరికి వేడిగా వృథా అవుతుంది. ప్రతిదీప్తి పదార్థాలతో పనిచేసేవారికి ఇది పాత తలనొప్పి.

అయితే గుంపు కట్టిన ప్రతిసారీ వెలుగు ఆరదు. 1936లో ఎడ్విన్ జెల్లీ, గుంటర్ షైబె వేర్వేరుగా ఒక సయనిన్ రంగులో దీనికి విరుద్ధమైన తీరు గమనించారు. ఇంటి కప్పు మీద పెంకుల్లా అణువులు ఏటవాలుగా, ఒకదాని వెనుక ఒకటి అమరినప్పుడు ఆ గుంపు బాగా వెలిగింది. అంటే అసలు కీలకం ఎంత దగ్గరగా ఉన్నాయన్నది కాదు, ఎలా అమరాయన్నది.

మరి కంటికి కనిపించని అణువులను వరుసలో పేర్చేదెవరు? వాటంతట అవే పేరుకోవాలి. బకెట్టులోని మామూలు ప్లాస్టిక్‌లో అణువుల గొలుసు సమయోజనీయ బంధాలతో వెల్డింగ్ చేసినట్టు అతుక్కుని ఉంటుంది. సుప్రామాలిక్యులర్ పాలిమర్‌లోనేమో అణువులు రైలు పెట్టెల్లా తగులుకుని ఉంటాయి. హైడ్రోజన్ బంధాల వంటి బలహీనమైన ఆకర్షణలే ఆ కొక్కేలు. 1997లో నెదర్లాండ్స్‌లో మైయర్ బృందం, ఒక్కో కొస నాలుగేసి హైడ్రోజన్ బంధాలు పెట్టుకునే చిన్న అణువులతో నిజమైన పాలిమర్‌లా ప్రవర్తించే పదార్థాన్ని చూపింది. వేడి చేస్తే గొలుసు విడిపోతుంది, చల్లారితే మళ్లీ కడుతుంది.

ఈ కథలో మన దేశానిదీ గట్టి పాత్రే. తిరువనంతపురంలోని సీఎస్ఐఆర్ ప్రయోగశాలలో (నేటి ఎన్ఐఐఎస్‌టీ) ఎ. అజయఘోష్, సుబి జార్జ్ 2001లో ఫినిలీన్‌వినిలీన్ అణువులతో జెల్ తయారుచేశారు. వేడి ద్రావణం చల్లారగానే పేరిన నెయ్యిలా గడ్డకడుతుంది. లోపల సన్నని పోగులు అల్లుకుని ద్రావకాన్ని పట్టి ఉంచుతాయి. విడివిడిగా ఉన్నప్పుడు నీలి ఛాయలో వెలిగే అణువులు, పోగులుగా చేరాక ఆకుపచ్చ-పసుపు వైపు జరుగుతాయి. ఆ పోగుల్లో మరో రంగు అణువును కొద్దిగా కలిపితే శక్తి దానికి చేరి వెలుగు రంగే మారుతుంది. 2009లో అదే ప్రయోగశాల ఈ కిటుకుతో తెల్లని కాంతినిచ్చే జెల్‌ను కూడా సాధించింది.

అసలు ఆసక్తికరమైన మలుపు 2012లో వచ్చింది. వెలుగు ఆరిపోవడాన్నే అజయఘోష్ బృందం పనిముట్టుగా మార్చుకుంది. పేలుడు పదార్థమైన టీఎన్‌టీకి ఎలక్ట్రాన్ల ఆకలి ఎక్కువ. కాంతితో ఉత్తేజితమైన అణువు నుంచి అది ఎలక్ట్రాన్‌ను లాగేసుకుంటే అక్కడ వెలుగు ఆగిపోతుంది. విడి అణువులైతే ఒక టీఎన్‌టీ అణువు ఆర్పేది ఒక్క దీపాన్నే. పోగులో శక్తి పొడవునా ప్రయాణిస్తుంది కాబట్టి, దారిలో ఎక్కడో ఒకచోట కూర్చున్న టీఎన్‌టీ చాలా అణువుల వెలుగును ఆర్పేయగలదు. సమయోజనీయ పాలిమర్లలో ఈ సూత్రాన్ని టిమోతీ స్వాగర్ 1990లలోనే చూపారు. తిరువనంతపురం బృందం దాన్ని స్వయంగా పేరుకునే పోగులకు వర్తింపజేసింది. వాటిని పూసిన కాగితపు పట్టీ చదరపు సెంటీమీటరుకు సుమారు 12 అట్టోగ్రాముల టీఎన్‌టీని గుర్తించింది. ఒక అట్టోగ్రాము గ్రాములో వంద కోట్లో వంతులో మళ్లీ వంద కోట్లో వంతు. లెక్క వేస్తే ఆ 12 అట్టోగ్రాముల్లో ఉండేవి దాదాపు 32 వేల అణువులే! రసాయన శాస్త్రంలో ఇది గుప్పెడు కూడా కాదు.

అయినా ప్రయోగశాల పట్టీ వేరు, మందుపాతర వెతికే జవాను చేతిలోని పరికరం వేరు. బలహీన బంధాలతో నిలిచిన పోగులు వేడికి సడలుతాయి. ఎలక్ట్రాన్లు లాక్కునే ఇతర నైట్రో సమ్మేళనాలు కూడా వెలుగును ఆర్పవచ్చు. పైగా అన్ని బాంబుల్లోనూ టీఎన్‌టీ ఉండదు. ఎరువుగా దొరికే అమ్మోనియం నైట్రేట్‌తో కూడా వాటిని తయారుచేస్తారు. దానికి టీఎన్‌టీలా ఎలక్ట్రాన్లను లాక్కునే బెంజీన్ వలయం లేదు, అందువల్ల ఈ పట్టీ మీద ఆధారపడి దాన్ని పసిగట్టలేం.