బేస్‌బాల్ ఆటగాండ్ర పిక్కగాయములు

పరుగెత్తి తప్పించుకొనినవానిని గూర్చి మనవారు "పిక్కబలము చూపినాడు" అందురు. ఈ మాటలో శరీరశాస్త్రము కొంత కలదు. నిలిచియున్న మనుష్యుడు భూమిని వెనుకకు త్రోసి ముందునకు దుమికినప్పుడు ఆ భారమును మోయుటలో పిక్కకు పెద్ద పాలు కలదు. ఆ బలముమీదనే బ్రదుకు సాగించువానికి ఆ కండయే తెగినచో ఏమగును? అమెరికా దేశపు బేస్‌బాల్ ఆటగాండ్ర సంగతి దీనికి మంచి దృష్టాంతము.

ఆ ఆట నెరుగనివారికి రెండు మాటలు చెప్పవలెను. అదియు క్రికెట్టువలె బంతిని కొట్టి పరుగెత్తు ఆటయే. అయితే పరుగు చదరముగా నాలుగు మూలలు చుట్టివచ్చుట. మూలను వారు బేసు అందురు; బేసుకు బేసుకు నడుమ 90 అడుగులు. పెద్ద పోటీలలో ఒక్కొక్క జట్టు ఇంచుమించు ఆరు మాసములలో 162 ఆటలు ఆడును. విశ్రాంతిదినములు బహుస్వల్పము. పిక్కకు కీడు చేయునది పరుగుయొక్క పొడవు గాదు. ఆటగాడు చాలసేపు ఒకేచోట నిలిచియుండును, లేదా బల్లపై కూర్చుండి తన వంతునకై వేచియుండును. బంతి తగిలిన మరుక్షణమున, నిలుచున్నపాటున, ఉన్న వేగమంతయు చూపవలెను. మెల్లమెల్లగా వేగమందుకొను సావకాశము లేదు.

పిక్కలో ముఖ్యముగా రెండు కండలు గలవు. పైకి ఉబ్బి కనబడునది రెండు పాయలై, మోకాలికి పైన తొడయెముకను పట్టుకొని దిగును. దాని యడుగున బల్లపరుపుగా నున్నది మోకాలికి క్రిందనే మొదలగును. రెండును కలిసి, మడమనరమని మనము చెప్పుకొను గట్టి త్రాడై మడమయెముకకు అతుకుకొనును. పై కండ మోకాలిని, చీలమండను రెంటిని దాటిపోవుచున్నది గనుక, మోకాలు చాచుకొని అదే సమయమున పాదము పైకి వంగినచో రెండు కొసలనుండియు లాగబడును. అట్లు సాగుచుండగానే బలముగా ముడుచుకొనవలసి వచ్చినచో పోగులు తెగును. తరచుగా తెగునది లోపలివైపు పాయ, అదియు కండ త్రాడుతో కలియు చోట. అప్పుడు వెనుకనుండి ఎవరో రాతితో కొట్టినట్లు తోచును. కొట్టినదెవరా యని వెనుదిరిగి చూచువారును కలరు. అడుగు కండ తెగుట ఇంత స్పష్టముగా నుండదు. కాలు బరువెక్కినట్లు, పట్టుకొనినట్లు ఉండి దినదినమునకు ముదురును.

కొలదిపోగులు తెగినచో రెండు మూడు వారములలో నెమ్మదించును. కండలో కొంత భాగము చినిగినచో నెలదినములకు, ఒక్కొక్కప్పుడు రెండు నెలలకు పైబడును. ఈ గాయములో మెలకువ పడవలసిన సంగతి యొకటి కలదు. నొప్పి ముందు పోవును, బలము వెనుక వచ్చును. తెగినచోట మొదట ఏర్పడునది లేత మచ్చకండ. అది పాత కండవలె సాగదు. నడచుటకు అది చాలును. నిలుచున్నపాటున దుముకుటకు చాలదు.

న్యూయార్కు యాంకీసు జట్టులోని ఆరన్ జడ్జి 2020 ఆగస్టులో కుడిపిక్క గాయముచే ఆట మానెను. ఆ నెల 26వ తేదీన తిరిగివచ్చెను. ఆనాడే పిక్క మరల పట్టుకొనుటచే ఆట నడుమ తొలగవలసి వచ్చెను. పిమ్మట సెప్టెంబరు నడుమవరకు ఆడలేదు. మహమ్మారివలన ఆ యేడు 60 ఆటలే జరుగగా అతడాడినవి 28 మాత్రమే.

మైక్ ట్రౌటు సంగతి యింకను విచిత్రము. లాస్ ఏంజిలిస్ ఏంజెల్సు జట్టు 2019లో అతనితో 42 కోట్ల డాలర్లకు మించిన యొడంబడిక చేసికొనెను. 2021 మే 17వ తేదీన రెండవ బేసునుండి మూడవదానివైపు పోవుచుండగా కుడిపిక్క చినిగెను. ఎవరును తాకలేదు, క్రిందపడలేదు. ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టునని జట్టువారు చెప్పిరి. ఆ గడువు దాటినది, నొప్పి వదలలేదు, ఆ యేడు అతడు మరల ఆడనేలేదు. అంత వెలగల కాలికి వైద్యులకేమి కొదువ? అయినను కండ తన కాలమును తాను తీసికొనెను.

అందుచే అనుభవముగల వైద్యులు నొప్పి యున్నదా యని మాత్రమే అడుగరు. గాయపడిన కాలిమీద నొంటిగా నిలిచి, మడమనెత్తి దించుట ఎన్నిమారులు చేయగలడో లెక్కించి, రెండవ కాలితో పోల్చిచూతురు. తరువాత నడక, మెల్లని పరుగు, తిన్నని వడిపరుగు. కట్టకడపట బేసులచుట్టు మలుపులు తిరుగుచు పరుగెత్తుట. వయస్సు ముదిరినవారికిని, మునుపొకసారి పిక్క తెగినవారికిని ఈ గాయము హెచ్చుగా వచ్చుచున్నదని పరిశోధనలు తెలుపుచున్నవి.

నడివయస్సు దాటినవారికి ఆటలతో పనిలేకయే, కాలువ దాటబోయి దుమికినను ఇది రావచ్చును. మొదటి రెండు మూడు దినములు నూనెరాచి గట్టిగా మర్దించుట, కాపడము పెట్టుట తగదు. లోపల నెత్తురు హెచ్చుగా చేరును. చల్లని తడిగుడ్డ వేసి, కాలు ఎత్తుగా పెట్టి విశ్రమించుట మేలు. దెబ్బయేమియు లేకయే ఒక పిక్క వాచి, వేడెక్కి నొప్పి పెట్టినచో అది లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టుట కావచ్చును. దానిని ఆ దినముననే వైద్యునకు చూపవలెను.

ట్రౌటు 2022లో తిరిగి ఆటకు దిగెను. ఆ యేడు 119 ఆటలలో, ఒక్క దెబ్బతో చదరమంతయు చుట్టివచ్చు హోమ్‌రన్నులు 40 కొట్టెను. నడుమ కొన్ని వారములు అతనిని కూర్చుండబెట్టినది పిక్క గాదు, వెన్ను.