రోజూ గోళీయా, నెలకో సూదా? బైపోలార్ ఉన్న గల్ఫ్ కార్మికులకు, ఇంటివాళ్లకు

"అన్నా, ఆయన మూడు రోజుల సంది నిద్ర పోతలేడట. రూములో అందరితోని కొట్లాట పెట్టుకుంటుండట. నిన్న నాకు ఫోన్ చేసి, ఊళ్లె రెండెకరాలు కొంటున్న, పోయి బయానా ఇచ్చిరా అన్నడు."

జగిత్యాల వైపు నుంచి ఒక చెల్లె నాకు ఫోన్‌లో చెప్పిన మాటలివి. ఆమె భర్త షార్జాలో క్యాంపులో ఉంటాడు. బైపోలార్ జబ్బు ఉందని ఇంట్లో తెలుసు. మందులు వేసుకున్నన్ని రోజులు మనిషి మంచిగానే పనిచేసుకున్నాడు. కానీ ఎనిమిది మంది ఉండే రూములో రోజూ రాత్రి గోళీ మింగుతుంటే పక్కవాళ్లు "ఏం గోళీలురా అవి?" అని అడగడం మొదలుపెట్టారు. సిగ్గేసి ఆపేశాడు. రెండు నెలలు ఏమీ కాలేదు, ఇక తగ్గిపోయిందనుకున్నాడు. ఆ తర్వాత నైట్ షిఫ్ట్ పడింది, నిద్ర పోయింది, జబ్బు తిరిగొచ్చింది. ఫోర్‌మన్ మీదికి పోయాడు. చివరికి టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపించారు.

నేను డాక్టర్ని కాను. కానీ ఇలాంటి ఫోన్లు వచ్చినప్పుడల్లా డాక్టర్లను అడిగి తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

బైపోలార్ అంటే కోపం ఎక్కువ ఉండటం కాదు, పిచ్చి అంతకంటే కాదు. కొన్ని వారాలపాటు మనసు విపరీతంగా ఎగసిపడుతుంది. నిద్ర అక్కర్లేదనిపిస్తుంది, డబ్బు నీళ్లలా ఖర్చవుతుంది, మాట ఆగదు. దాన్ని మేనియా అంటారు. ఇంకో సమయంలో మంచం దిగబుద్ధి కాదు, బతుకు మీదే విరక్తి పుడుతుంది. రెంటి మధ్యలో మనిషి మామూలుగానే ఉంటాడు. అక్కడే మనం మోసపోయేది. బాగున్నాం కదా అని మందు ఆపేస్తాం. బాగున్నది మందు వల్లనే.

రోజూ మింగడం కుదరని వాళ్ల కోసం ఎక్కువ కాలం పనిచేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. పిరుదు కండలోకో, భుజం కండలోకో ఇస్తారు. మందు ఒక్కసారిగా రక్తంలో కలవదు, కండలోనే నిలువ ఉండి కొంచెం కొంచెంగా దిగుతుంది. రిస్పెరిడోన్ ఇంజెక్షన్‌లో మందును సన్నని గుళికల్లో పెడతారు. ఆపరేషన్ తర్వాత వాటంతటవే కరిగిపోయే కుట్లు ఉంటాయి చూడండి, ఆ జాతి పదార్థమే ఈ గుళికలు. దీన్ని రెండు వారాలకోసారి వేయించుకోవాలి. అమెరికాలో బైపోలార్‌కు 2009లో అనుమతి వచ్చింది. అరిపిప్రజోల్ నెలకోసారి వేసే ఇంజెక్షన్‌కు 2017లో, రెండు నెలలకోసారి వేసే దానికి 2023లో వచ్చింది.

సూది వేయించుకున్న రోజే గోళీలు పారేయకండి. రిస్పెరిడోన్ సూది నుంచి మందు బాగా దిగడానికి మూడు వారాలు పడుతుంది, అందుకే అన్ని రోజులూ గోళీలు నడవాలి. అరిపిప్రజోల్ నెల సూది మొదటిసారి వేశాక మామూలుగా 14 రోజులు గోళీలు ఇస్తారు. అసలు ఆ మందు మీ ఒంటికి పడుతుందో లేదో ముందు గోళీలతోనే చూస్తారు. సూది ఒకసారి వేశాక వెనక్కి తీయలేం కదా. వేసిన చోట రుద్దకూడదు కూడా.

ఈ సూదులు ముఖ్యంగా మేనియా తిరగబెట్టకుండా కాపాడతాయి. దిగులు వైపు వాటి పట్టు తక్కువ. అందుకని కొందరికి సూదితో పాటు లిథియం లాంటి గోళీలు కూడా ఉంటాయి. లిథియంకు ఇలాంటి సూది లేదు. మన ఊళ్లలో చవకగా దొరికే హాలోపెరిడాల్ డెకనోయేట్ పాత రకం, నువ్వుల నూనెలో కలిపిన మందు. అది కొందరిని దిగులు వైపు నెట్టవచ్చని బైపోలార్‌లో డాక్టర్లు ఆచితూచి వాడతారు. పక్కింటాయనకు పనిచేసిందని మీరు అడిగి వేయించుకోకండి.

ఇబ్బందులూ ఉన్నాయి. బరువు, షుగర్ పెరగొచ్చు, కాబట్టి మధ్యమధ్యలో రక్త పరీక్ష చేయించుకోవాలి. మగతగా ఉంటే క్రేన్, స్కఫోల్డింగ్ పని మీద ఎక్కకండి. కొందరికి కాళ్లు ఒకచోట నిలవవు, లోపల ఏదో తరుముతున్నట్టు ఉంటుంది. ఇది మందు వల్ల వచ్చేది. జబ్బు ముదిరిందని ఇంటివాళ్లు భయపడతారు, డాక్టర్‌కు చెబితే దానికి ఉపాయం ఉంది. వణుకు, కండరాలు బిగుసుకోవడం కూడా అలాగే చెప్పాలి. ఒళ్లు కాలిపోయే జ్వరంతో పాటు కండరాలు కర్రలా బిగిస్తే మాత్రం ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి పోవాలి.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. ఈ రకం మందులు ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తిని తగ్గిస్తాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. ఈ మందుల మీద ఉన్నవాళ్లు ఆ విరామాన్ని అసలే వదులుకోవద్దు. లిథియం వేసుకునేవాళ్లకైతే ఇంకా పెద్ద ప్రమాదం. చెమటతో నీరు, ఉప్పు పోయినప్పుడు రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి. ఒళ్లు నొప్పులని క్యాంపు దుకాణంలో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కొనుక్కోకండి, అవి కూడా లిథియాన్ని పెంచుతాయి. రంజాన్ ఉపవాసం ఉండే సోదరులు నెల మొదలవక ముందే డాక్టర్‌ను అడగాలి.

ఇక ప్రయాణం. సెలవు మీద ఇంటికొచ్చి సూది మొదలుపెట్టి, తిరిగి గల్ఫ్‌కు పోయాక "ఇక్కడ ఆ మందు లేదు, ఉన్నా ఖరీదు భరించలేను" అని ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. తర్వాతి సూది ఎక్కడ, ఏ తేదీన, ఎవరి డబ్బుతో అన్నది ఫ్లైట్ ఎక్కక ముందే తేల్చుకోండి. మీ ఇన్సూరెన్స్ కార్డు మానసిక వైద్యానికి, ఈ సూదికి వర్తిస్తుందా అని కార్డు మీది నంబరుకు ఫోన్ చేసి అడగండి. కుదరదనుకుంటే గోళీలతోనే ఉండే దారి డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి, అందులో తప్పు లేదు.

చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు, మోతాదు, చివరి సూది తేదీ ఇంగ్లీషులో రాయించుకోండి. మందులు అసలు ప్యాకింగ్‌లోనే తీసుకెళ్లండి. మన డాక్టర్లు నిద్ర కోసం తరచూ రాసే క్లోనజెపామ్, అల్ప్రజోలామ్ యూఏఈలో నియంత్రిత మందులు. ముందుగా అక్కడి ప్రభుత్వ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోకపోతే ఎయిర్‌పోర్టులో చిక్కు తప్పదు.

తేదీ దాటిపోతే కంగారు వద్దు, కానీ ఊరుకోవద్దు కూడా. అరిపిప్రజోల్ నెల సూదిలో రెండోదో మూడోదో 5 వారాలు దాటితే, ఆ తర్వాతివి 6 వారాలు దాటితే, సూదితో పాటు మళ్లీ 14 రోజులు గోళీలు అవసరమవుతాయి.

ఇంటి దగ్గర ఉన్న అక్కలు, చెల్లెళ్లు, అమ్మలు: ఆ మనిషి ఎంతసేపు నిద్రపోతున్నాడన్నది ఫోన్‌లో రోజూ అడగండి. జీతం సంగతి తర్వాత అడగొచ్చు. రెండు రాత్రులు నిద్ర లేదంటే, రూములో నమ్మకమైన ఒక్కరి నంబరు మీ దగ్గర ఉండాలి. సలహాకు ప్రభుత్వ టెలి మానస్ 14416కు ఇండియా నుంచి ఉచితంగా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

షార్జా నుంచి వచ్చిన ఆ తమ్ముడు ఇప్పుడు నెలకోసారి సూది వేయించుకుంటున్నాడు. మళ్లీ పోవాలని ఉంది. కొత్త కాంట్రాక్టు కాగితం వాట్సాప్‌లో పంపితే, జీతం కంటే ముందు అందులో నైట్ షిఫ్ట్ ఉందా అని చూశాను.