మూతపడని సోడియం ద్వారం

సూరత్ జిల్లాలో మలేరియాను మోసే అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ దోమ పైరిథ్రాయిడ్ మందులకు లొంగడం లేదని 2002లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో శాస్త్రవేత్తలు వెల్లడించారు. మందు మారిస్తే సరిపోతుందన్న నమ్మకం ఎక్కడ దెబ్బతింటుందో ఈ దోమను చూస్తే తెలుస్తుంది. నరం పొరలోని సన్నని ద్వారం తెరుచుకుని సోడియం లోపలికి దూసుకొస్తే సంకేతం పుడుతుంది. మరుక్షణం ఆ ద్వారం మూసుకోవాలి. పైరిథ్రాయిడ్ దాన్ని మూసుకోనివ్వదు. సంకేతాలు ఆగకుండా వెల్లువెత్తి, దోమ గిలగిల కొట్టుకుని, కాళ్లూ రెక్కలూ చచ్చుబడి రాలిపోతుంది. మన దేశంలో దశాబ్దాలపాటు చల్లిన డిడిటి పట్టుకునేదీ ఈ ద్వారాన్నే. అందుకే ఆ ద్వారంగా పనిచేసే ప్రోటీన్‌లో 1014వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం మారితే రెండు మందుల పట్టూ సడలుతుంది. డబ్బా మీద పేరు మారింది, దెబ్బ తగిలే చోటు మారలేదు.

దోమ మందుకు అలవాటు పడిందని చాలామంది అంటారు. కొద్ది వారాలే బతికే దోమకు అలవాటు పడే వ్యవధి ఎక్కడిది? ఆ మార్పు ఉన్నవి ముందే ఏ కొన్నో ఉంటాయి. మందు మిగతావాటిని ఏరేస్తుంది, మిగిలినవాటి సంతతే పెరుగుతుంది. మోతాదు పెంచితే సరిపోదా అంటే, బలహీనమైన నిరోధం ఉన్నవి చస్తాయి, అత్యంత మొండివే మిగులుతాయి. మలాథియాన్ అనే మరో మందు దాడి చేసేది వేరే చోట, కోలినెస్టరేజ్ ఎంజైమ్ మీద. అయినా దాన్ని శరీరంలోనే విరగ్గొట్టే దోమలు పుట్టుకొచ్చాయి. పొలాల్లోనూ ఇదే కథ: 1987లో ఆంధ్ర పత్తి చేలలో శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్లకు లొంగలేదు. ఇక క్లోర్‌ఫెనపిర్ అనే మందు నరం జోలికే పోదు, కణాల్లో శక్తి ఉత్పత్తిని దెబ్బతీస్తుంది. దాన్ని పైరిథ్రాయిడ్‌తో కలిపిన దోమతెరలను 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది.