నాలుగున్నర నిమిషాల భోజనం

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మనలో ఒక సామెత ఉన్నది. రెండవ సగంతో నాకు పేచీ లేదు. మొదటి సగం మాత్రం కొరియా దేశపు కారపు రామ్యన్ ముందు నిలువదేమో అనిపిస్తుంది. ఆకలిగొన్నవారి వరుసలో పుట్టి, వారి నాలుకకు తగినట్లు తన రుచిని మార్చుకొని, కడుపు నిండినవారి చేత కూడ అర్ధరాత్రి పొయ్యి వెలిగింపజేసే స్థితికి వచ్చిన వంటకమది.

రామ్యన్ అంటే ఏమిటో పిల్లలున్న ఇండ్లకు నేడు చెప్పనక్కరలేదు. మెరిసే ఎర్రని పొట్లం. దానిలో మెలికలు తిరిగి అచ్చుకట్టిన నూడుల్సు. చిన్న పొట్లంలో మసాలా కారం. మరొక దానిలో ఎండిన ఉల్లికాడలు, పుట్టగొడుగు ముక్కలు. మన ఇండ్లకు 1983లో వచ్చి స్థిరపడిన మాగీ నీరంతా ఇగిరి ముద్దగా దిగుతుంది. ఇది అట్లా కాదు. ఎర్రని చారులో తేలుతూ దిగుతుంది. చింతపండు లేనిదానిని చారు అనవచ్చునో లేదో వంట తెలిసినవారు తేల్చవలె. నేను మాత్రం చారు అనే అంటాను.

దీని పూర్వకథ జపానులో ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఓసాకా నగరంలో, కూలిన ఇండ్ల నడుమ, ఒక గిన్నెడు వేడి నూడుల్సు కోసం చలిలో బారులు తీరిన జనాన్ని మొమొఫుకు ఆందో అనే వర్తకుడు చూచినాడు. తైవానులో పుట్టి జపానులో స్థిరపడిన మనిషి ఆయన. 1957లో తాను అధ్యక్షుడుగా ఉన్న పరపతి సంఘం దివాలా తీయగా ఆస్తి పోయి ఇకెదా ఊరిలోని ఇల్లు మిగిలినది. పెరటిలో ఒక పాక వేసికొని, నూడుల్సును చెడకుండ నిలువ చేయడం ఎట్లాగా అని ఏడాది పాటు ఒంటరిగా ప్రయత్నించినాడు. ఒకనాడు భార్య టెంపురా వేయిస్తూ ఉండగా, పైపిండిలోని నీరు బుడగలు బుడగలుగా వెలికి పోవడం ఆయన కంటబడినదట. ఆవిరిమీద ఉడికిన నూడుల్సును కాగిన నూనెలో వేస్తే లోపలి నీరు ఆవిరై పోతూ సన్నని రంధ్రాలు విడిచిపోతుంది. మరల వేడినీరు తగిలినప్పుడు ఆ రంధ్రాల దారినే నీరు లోపలికి చేరుతుంది. వడియం నూనెలో పొంగడం చూచిన తెలుగు ఇల్లాలికి ఈ సూక్ష్మంలో సగం తెలిసినదే. 1958 ఆగస్టు 25న కోడిచారు రుచితో ఆ పొట్లం బజారుకు వచ్చినది. వెల 35 యెన్లు. తాజా నూడుల్సు కంటె అది అప్పటికి ఎంతో ప్రియం. దానిలో కారం లేదు.

కారం కలవడానికి అది సముద్రం దాటవలసి వచ్చినది. అప్పటికే రెండుగా చీలి ఉన్న కొరియా 1950 నుండి 1953 వరకు సాగిన యుద్ధంలో బూడిదైనది. ఆ తరువాతి సంవత్సరాలలో సియోల్ నగరపు నామ్‌దేమున్ బజారులో ఒక విధమైన గంజి అమ్మేవారు. అమెరికా సైనిక శిబిరాలలో తిని పారవేసిన ఎంగిలిని తెచ్చి మరగబెట్టిన గంజి అది. పందులకు పెట్టే కుడితి పేరే దానికీ పెట్టినారు. తినేవారికి అందులో చొక్కా గుండీలు, సిగరెట్టు ముక్కలు తగులుతుండేవి. ఆ గంజి కోసం కూలివారు బారులు తీరి నిలిచి ఉండడం జొన్ జుంగ్‌యున్ అనే వ్యాపారి చూచినాడు. అంతకుముందు జపానులో ఆయన ఈ పొట్లపు నూడుల్సు రుచి చూచి ఉన్నాడు. ఆ యంత్రాలు, ఆ విద్య కావలెనని జపాను వెళ్లి తిరుగగా చివరకు మ్యోజో అనే కంపెనీ అధిపతి ప్రతిఫలం కోరకుండ విద్య నేర్పించినాడు. వలస పాలన ముగిసి ఇరువది ఏండ్లు కూడ నిండని రోజులవి. జపాను పేరు చెబితే కొరియావారు పండ్లు కొరికే కాలం. ఇట్టి ఉదారం చరిత్ర పుస్తకాలకు ఎక్కదు కాబోలు.

1963 సెప్టెంబరు 15న సామ్‌యాంగ్ అనే పేరుతో కొరియాలో మొదటి రామ్యన్ వెలువడినది. నూరు గ్రాముల పొట్లం పది వోన్‌లు. జనం ఎగబడి కొన్నారనుకొంటే పొరపాటు. కొరియా భాషలో ‘మ్యన్’ అన్న మాట నూడుల్సుకే గాక నూలు బట్టకు కూడ చెల్లుతుంది. ఇదేదో గుడ్డ పేరు కాబోలునని కొందరు భ్రమపడినారట. కంపెనీవారు వీధులలో పొయ్యిలు పెట్టి, ఉడికించి, ఉచితంగా పంచి రుచి చూపవలసి వచ్చినది. బియ్యం కరవైన దేశంలో గోధుమ తినండని ప్రభుత్వం కూడ ప్రచారం చేసినది. ఆ గోధుమలో అధికభాగం పి.ఎల్. 480 చట్టం కింద అమెరికా ఓడలలో వచ్చినదే. అదే చట్టం కింద అవే గోధుమలు ఆ ఏండ్లలోనే మన రేవులకూ దిగినవి. రేషను దుకాణం ముందు సంచి పట్టుకొని నిలిచిన మన పెద్దలకు ఆ సంగతి తెలుసు. మనం వాటితో రొట్టెలు చేసికొన్నాము, ఉప్మా చేసికొన్నాము. వారు రామ్యన్ చేసికొన్నారు.

అయితే మొదటి రామ్యన్ చప్పగా ఉన్నదని జనం మూతి విరిచినారు. జపానువారి కోడిచారు వారికి నచ్చలేదు. కారం వేయండని దేశాధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ స్వయంగా చెప్పినట్లు ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఎవరు చెబితేనేమి, కారం పడినది. ఆకలి రుచిని ఎరిగినది. ఎంగిలి గంజి కోసం నిలబడిన మనిషి కూడ, ఇది నా ఇంటి రుచి కాదు అని అనగలడు. సామెత మీద నాకున్న పేచీ ఇక్కడనే.

ఆ ఇంటి రుచి మాత్రం ఎంత పాతది? మిరప కొరియాలో పుట్టినది కాదు, మన దేశంలో పుట్టినదీ కాదు. అమెరికా ఖండం నుండి వచ్చిన చుట్టం. పోర్చుగీసువారు పదునారవ శతాబ్దంలో దానిని మన తీరానికి దించినారు. అంతకుముందు మనకు కారమంటే మిరియమే. ఆ మిరియం పేరునే కొత్తకాయకు తగిలించి మిరపకాయ అన్నాము. శ్రీనాథునికి గుంటూరు మిరప తెలియదంటే నేటి గుంటూరువారికి నమ్మబుద్ధి కాదు. కొరియాలో 1614 నాటి ఒక గ్రంథం మిరపను జపాను నుండి వచ్చిన విషపు మొక్కగా వర్ణిస్తూ, సారాయితో కలిపి తిని చచ్చినవారున్నారని కూడ చెప్పినది. కిమ్చీలో మిరప వేయడం పుస్తకాలకెక్కేసరికి మరి నూటయాభై ఏండ్లు గడచినవి. తాతల నాటి అలవాటని మనమూ వారూ చెప్పుకొనే కారానికి వయస్సు ఇంతే.

1986లో నాంగ్‌షిమ్ కంపెనీ ‘షిన్ రామ్యన్’ను తెచ్చినది. ఎర్రని పొట్లం మీద నల్లని పెద్ద అక్షరం ఒకటి ఉంటుంది. ఆ చీనా అక్షరాన్ని కొరియావారు ‘షిన్’ అని చదువుతారు. కారమని అర్థం. కంపెనీ స్థాపకుని ఇంటిపేరు కూడ షిన్ కావడంతో పేరు రెండు విధాల కలిసివచ్చినది. ఆ అక్షరానికి కష్టమని, వేదన అని మరొక అర్థం కూడ ఉన్నది. మన ‘కటువు’ అన్న మాట నాలుకమీది కారానికీ, మనసుకు తగిలిన మాటకూ చెల్లడం వంటిదే ఇదీ. భాషలు కనిపెట్టిన ఈ చుట్టరికాన్ని శాస్త్రజ్ఞులు 1997లో గాని పట్టుకోలేదు. డేవిడ్ జూలియస్ అనే ఆయన పరిశోధించి, మిరపలోని క్యాప్సైసిన్ తగిలేది రుచినాడులకు కాదు, వేడినీ నొప్పినీ గుర్తించే ద్వారాలకని తేల్చినాడు. దానికి 2021లో నోబెల్ బహుమానం వచ్చినది. నిప్పు తగిలితే తెరుచుకొనే తలుపే కారానికీ తెరుచుకొంటుంది. అందుచేత చల్లారిన కారం కంటె పొగలు కక్కే చారులోని కారం రెండింతలు మండుతుంది. ముక్కు కారుతుంది, నెత్తిన చెమట పడుతుంది. అప్పుడు కొరియావాడు గిన్నె దించి, ఆహా చల్లగా ఉన్నది అంటాడు! వేడిచారు తాగి చల్లదనమనడం వారి భాషలో నానుడి. జ్వరపు నోటికి మిరియాల చారు తగిలినప్పుడు మనం ప్రాణం లేచివచ్చినది అంటాము గదా.

ఆ 1986లోనే సియోల్‌లో ఆసియా క్రీడలు జరిగినవి. ఇమ్ చున్‌ఏ అనే బక్కపలుచని బాలిక పరుగుపందెములలో మూడు స్వర్ణపతకాలు గెలుచుకొన్నది. వానిలో 800 మీటర్లది మన షైనీ అబ్రహాంకు రావలసినది; ముందుగా చేరినా గీత దాటి పరుగెత్తినందుకు ఆమెను అనర్హురాలిగా ప్రకటించినారు. ఇమ్ చున్‌ఏ రామ్యన్ తిని పరుగెత్తి గెలిచినదని పత్రికలు వ్రాసినవి. ఆ వార్త అతిశయోక్తి అని తరువాత ఆమెయే చెప్పుకొన్నది. అయినా జనం ఆ కథను విడువలేదు. పేదయింటి పిల్ల, పది నాణేల పొట్లం, బంగారు పతకం — ఒక దేశం తన్ను గురించి తాను చెప్పుకొనదలచిన కథకు కావలసిన సరంజామా అంతా అందులో ఉన్నది.

ఇక వండడం. పొట్లం మీద వ్రాసినది సులువే: 550 మిల్లీలీటర్ల నీరు మరగించి, మసాలాతో పాటు నూడుల్సు వేసి నాలుగున్నర నిమిషాలు ఉడికించవలె. కాని ఏ ఇంట్లోను ఎవరును దానితో తృప్తిపడరు. కొరియావారు పసుపుపచ్చని రంగు వేసిన పలుచని అల్యూమినియపు గిన్నె మంచిదంటారు, త్వరగా కాగుతుంది. మూతను తలక్రిందులుగా పట్టుకొంటే అదే పళ్లెం. నీరు ఒక గరిటెడు ఎక్కువైతే చారు చస్తుంది. ఉడుకుతుండగా నూడుల్సును పుల్లలతో ఎత్తి గాలి తగిలించి మరల ముంచేవారున్నారు; అట్లా చేస్తే బిరుసు నిలుస్తుందని వారి నమ్మకం. గ్రుడ్డు విషయంలో కుటుంబాలే చీలిపోతాయి. కలిపి చారు చిక్కబరచవలెనని ఒకరు, కదపకుండ పచ్చసొన నిలువవలెనని ఒకరు. నేను రెండవ పక్షం. చివర ఉల్లికాడలు, పక్కన కిమ్చీ. మన ఇండ్లలో కిమ్చీకి మారుగా ఆవకాయ పెట్టుకొని తినేవారిని చూచినాను. కారంమీద కారమే అయినా ఆ పులుపు చక్కగా అతుకుతుంది. మరీ మండితే నీరు తాగి లాభం లేదు, కారం నూనెలో కరుగుతుంది గాని నీటిలో కరుగదు. ఒక గరిటెడు పెరుగు నయం. పెనుకొండ దగ్గర 2019 నుండి కొరియావారి కారు కర్మాగారం నడుస్తున్నది. పనిమీద వచ్చిన ఆ దేశస్థుల కోసం ఆ ప్రాంతంలో వారి భోజనశాలలు కూడ వెలసినవి. రాయలసీమ కారం తినే ఊళ్లలో కారం దగ్గర మాత్రం వారు పరదేశులు కారు.

ఇంట్లో ఆ నాలుగున్నర నిమిషాలు ఒక వేడుక. అవి కూడ లేనివారున్నారు. 2016 మే 28న సియోల్‌లోని గుయీ స్టేషనులో, రైలుపట్టాల అంచున ఉండే అద్దపు తలుపులను బాగుచేసే పందొమ్మిదేండ్ల కుర్రవాడు రైలుకూ ఆ తలుపుకూ నడుమ నలిగి చనిపోయినాడు. ఇద్దరు చేయవలసిన పనిని ఒక్కడూ చేస్తున్నాడు. అతడు గుత్తకంపెనీ ఉద్యోగి. సంచి విప్పి చూస్తే పనిముట్ల నడుమ ఒక చెంచా, పుల్లలు, విప్పని రామ్యన్ గిన్నె ఒకటి ఉన్నవి. వేడినీరు పోస్తే మూడు నిమిషాలలో తయారయ్యే రకం అది. ఆ మూడు నిమిషాలూ అతనికి చిక్కలేదు. మరునాడు అతని పుట్టినరోజు. జనం ఆ తలుపు దగ్గరకు వచ్చి పూలు పెట్టినారు, చిన్న చిన్న చీటీలు అంటించినారు, రామ్యన్ గిన్నెలు కూడ తెచ్చి పెట్టినారు. ఆ వార్త చదివినప్పటి నుండి ఈ పొట్లం విప్పినపుడెల్ల నా చేయి ఒక క్షణం ఆగుతుంది. తొందరలో ఉన్నవారి కోసమే దీనిని కనిపెట్టినారు, నిజమే. కాని తొందరలో తింటే దీని రుచి తెలియదు. దీనిని తినవలసినది ఇంట్లో, కూర్చుండి, చెమట తుడుచుకొంటూ.

ఒక మాట దాచరాదు. ఉప్పు ఎక్కువ. ఒక మనిషికి రోజుకు ఐదు గ్రాముల ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. ఇటువంటి ఒక్క పొట్లంలో దానికి చేరువగా ఉంటుంది. అందులో చాలా భాగం చారులోనే ఉన్నది కనుక చారు వదలిపెట్టమని వైద్యుల సలహా. రక్తపుపోటు ఉన్నవారు తప్పక వినవలసిన మాట. వారానికి ఒకసారి కంటె మించకుండ నేనూ జాగ్రత్తపడుతున్నాను. కాని చారు వదలిపెట్టమనడం మాత్రం, పెండ్లికి వెళ్లి తాళికట్టే వేళకు లేచి రమ్మనడమే. కొరియావారు నూడుల్సు అయిపోయిన తరువాత మిగిలిన ఎర్రని చారులో చల్లారిన అన్నం వేసికొంటారు. వేడి అన్నం పనికిరాదు, మెత్తబడిపోతుంది. చల్లని మెతుకు గట్టిగా ఉండి చారును లోపలికి పీల్చుకొంటుంది.

సగం చారు పారబోయవలెనని నిశ్చయించుకొని లేచినాను. వంటయింటిలో గిన్నెమీద మూత తీసి చూస్తే మధ్యాహ్నపు అన్నం రెండు పిడికెళ్లు ఉన్నది.