ఊపిరి యంత్రం కొనబోయే ముందు

తెలుగులో గురక అన్నా, కన్నడంలో గొరకె అన్నా, తమిళంలో కురట్టై అన్నా, మరాఠీలో ఘోరణే అన్నా, వినేవారికి నవ్వే వస్తుంది. పెండ్లి విడిదింట్లో పదిమంది వరుసగా పడుకొన్న రాత్రి ఎవరి గురక ఎంత దూరం వినిపించిందో తెల్లవారి కాఫీల దగ్గర చెప్పుకొని నవ్వుకోని కుటుంబం మనలో లేదు. గురక పెట్టేవాడు హాయిగా నిద్రపోతున్నాడనిన్నీ, పక్కవాడికే నిద్ర కరువనిన్నీ మనకొక నమ్మకం. గురకలన్నీ జబ్బులు కావు, నిజమే. కాని కొందరి విషయంలో ఈ నమ్మకం తలక్రిందులు. అందరికంటె నిద్ర లేనివాడు ఆ గురక పెట్టే మనిషే.

సంగతి ఏమంటే, నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. అందరికీ అవుతాయి గాని, కొందరికి ఆ వదులు మరీ ఎక్కువై, నాలుక వెనుక భాగమూ, కొండనాలుక దగ్గరి మెత్తని కండా కలిసి గాలి దారిని మూసివేస్తాయి. రొమ్ము ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం మేల్కొలుపుతుంది. పెద్ద శబ్దంతో ఊపిరి అందుతుంది. మళ్లీ నిద్ర, మళ్లీ మూత. దీనినే డాక్టర్లు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. పెద్దవారిలో ఊపిరి కనీసం 10 సెకండ్లు ఆగడం, లేక బాగా తగ్గడం, గంటకు సగటున ఎన్నిసార్లు జరుగుతున్నదో లెక్క కడతారు. 5 నుండి 15 లోపు అయితే స్వల్పం, 15 నుండి 30 లోపు మధ్యరకం, 30 గాని ఆపైన గాని అయితే తీవ్రం. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా తూగు, మందులకు లొంగని రక్తపోటు, ఇవి దీని వెంట తరచుగా వచ్చే చుట్టాలు. అన్నిటికంటె భయపడవలసినది బండి నడిపేవారి తూగు.

మా చెల్లెలి భర్త, మా బావగారు, బళ్లారి నుండి గుంతకల్లు దారిలో సొంత సరుకుల వ్యాను తోలుకొంటారు. రెండేండ్ల క్రిందట ఒక నాటి ఉదయం ఎదుటి లారీ హారను వినబడి కళ్లు తెరిచేసరికి బండి రోడ్డు దిగి ఉన్నది. దేవుని దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం మా చెల్లెలు మాతో అన్న మాట ఇది: “అన్నయ్యా, ఆయన గురక పెడుతున్నంతసేపూ నాకు ధైర్యమే. గురక ఆగిందంటేనే భయం. మళ్లీ ఊపిరి వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చుంటాను.” డాక్టర్లకు ఇంతకంటె మంచి వర్ణన అక్కరలేదు. రాత్రి నిద్ర పరీక్షలో గంటకు 38 సార్లని తేలింది. సీప్యాప్ యంత్రం వాడుకోవాలన్నారు.

ఈ యంత్రంలో మంత్రమేమీ లేదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు 1980లో దీనిని మొదట రోగులపై వాడి, 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినారు. ఆ తొలి యంత్రానికి వాడినది ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ జాతి మోటారే. గది గాలిని కొద్దిపాటి ఒత్తిడితో ముక్కులోకి పంపితే, ఆ గాలే గొంతులో గుంజలాగ నిలబడి దారి మూసుకుపోకుండా ఆపుతుంది. చాలామంది అనుకొంటున్నట్లు ఇది ఆక్సిజన్ ఇచ్చే యంత్రం కాదు. ఊపిరితిత్తులకు అలవాటై తర్వాత అది లేనిదే బ్రతకలేమన్న భయమూ అనవసరం. కళ్లజోడు ఎటువంటిదో ఇదీ అటువంటిదే: పెట్టుకొన్న రాత్రి పని చేస్తుంది, తీసివేసిన రాత్రి చేయదు.

ఇక ధర సంగతి. ఒకే ఒత్తిడిలో నడిచే సాదా సీప్యాప్, ఒత్తిడిని తానే సర్దుకొనే ఆటో సీప్యాప్, వీటి ధరలు కంపెనీని బట్టి సుమారు 30,000 నుండి 80,000 రూపాయల దాకా ఉంటున్నవి. మాస్కు వేరే. నెల జీతం మీద ఇల్లు గడిపేవారికి ఇది చిన్న మొత్తం కాదు. “ఏటేటా ప్రీమియం కడుతున్నాము గదా, ఇన్సూరెన్సువారు ఇవ్వరా?” అని మా బావగారు అడిగినారు. అందరూ అడిగే ప్రశ్నే ఇది.

కాగితాలన్నీ జతచేసి పంపినాము. మూడు వారాలకు జవాబు వచ్చింది: ఇంటిలో వాడుకొనే పరికరం పాలసీ పరిధిలోకి రాదని. ఆఫీసులో మెడికల్ బిల్లులు చూచే పని మాది గనుక, పాలసీ పుస్తకం తెచ్చి అక్షరం అక్షరం చదివినాము. మన ఆరోగ్య పాలసీలు ఎక్కువగా ఆస్పత్రిలో పడక పట్టినవారి ఖర్చు కోసం వ్రాసినవి. కేవలం పరీక్ష కోసం ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకొన్నా, పరీక్షకే చేరినారన్న కారణంతో తోసివేయడానికి నిబంధన ఉన్నది. ఇంటికి కొనుక్కొనే యంత్రాలకు వేరే నిబంధన ఉన్నది. ఇందులో ఒక విచిత్రం కూడా కనిపించింది. స్థూలకాయానికి చేసే శస్త్రచికిత్సలు సామాన్యంగా పాలసీకి రావు గాని, బి.ఎం.ఐ. 35 గాని ఆపైన గాని ఉండి, తీవ్రమైన స్లీప్ ఆప్నియా కూడా ఉండి, ఇతర ఉపాయాలు ఫలించనివారికి మాత్రం ఆ నిషేధం వర్తించదట. అనగా లక్షలతో కూడిన శస్త్రచికిత్సకు తలుపు కొంచెం తెరిచి ఉన్నది, వేలతో పోయే యంత్రానికి మూసి ఉన్నది!

అయినా అడగవలసిన చోట్లు కొన్ని ఉన్నవి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు సి.జి.హెచ్.ఎస్. క్రింద, మాజీ సైనికులకు ఇ.సి.హెచ్.ఎస్. క్రింద ఈ యంత్రానికి పరిమితి మేరకు సొమ్ము ఇచ్చే ఏర్పాటు ఉన్నది. అయితే ముందు అనుమతి తీసికోవాలి. యంత్రం కొని తర్వాత బిల్లు పెట్టేవారే ఎక్కువగా చిక్కుల్లో పడుతున్నారు. రైల్వేలోను, రాష్ట్ర ప్రభుత్వ కొలువులలోను ఉన్నవారు కూడా తమ తమ ఆఫీసులలో అడిగి, వ్రాతమూలకంగా జవాబు తెచ్చుకోవడం మంచిది. ప్రైవేటు పాలసీలో ఔట్‌పేషెంటు ఖర్చుల భాగం ఉంటే అది ఏమేమి భరిస్తుందో చూడండి. కంపెనీ కాదన్నది అన్యాయమని మీకు తోస్తే, ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయండి. నెల దాటినా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు సరిగా లేకున్నా, తోసివేసిన ఏడాదిలోగా ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు వ్రాసుకోవచ్చును. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కర్ణాటకవారికి బెంగుళూరులో, తమిళనాడువారికి చెన్నైలో, ఒడిషావారికి భువనేశ్వరంలో ఆ కార్యాలయాలు ఉన్నవి. మహారాష్ట్రలో ముంబయి, పూణేలు రెండింటిలోనూ ఉన్నవి. యానాంవారు మాత్రం పుదుచ్చేరి వైపు చూడనక్కరలేదు, వారిది హైదరాబాదు కార్యాలయం పరిధి. కొత్త పాలసీ తీసికొనేవారు ఈ జబ్బును దాచవద్దు. ముందున్న జబ్బుకు గరిష్ఠంగా 3 ఏండ్లు వేచి ఉండవలసి వస్తుంది. దాచిపెట్టి తర్వాత బయటపడితే అసలుకే మోసం.

ఇన్సూరెన్సు రాదని తేలిన ఇంటివారు ఏమి చేయాలి? మాకు తోచిన క్రమం ఇది.

మొదట పరీక్ష. పరీక్ష లేకుండా యంత్రం కొనరాదు. ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి దగ్గరలో ఉంటే అక్కడి ఊపిరితిత్తుల విభాగంలోగాని, చెవి ముక్కు గొంతు విభాగంలోగాని ముందు విచారించండి. అందరికీ ఆస్పత్రి పరీక్షే అక్కరలేదు. డాక్టరు సరేనంటే ఇంటిలోనే చిన్న పరికరం కట్టుకొని పడుకొనే పరీక్ష ఉన్నది, ఖర్చు తక్కువ. జబ్బు స్వల్పమైతే బరువు తగ్గించుకోవడం, ప్రక్కకు తిరిగి పడుకోవడం, రాత్రిపూట మద్యమూ నిద్రమాత్రలూ మానడం వంటి వాటితోనే మేలు కలుగవచ్చును. కొందరికి పండ్లకు తగిలించుకొనే సాధనం చాలును. ఏది ఎవరికన్నది డాక్టరు తేల్చవలసిన మాట.

రెండవది అద్దె. పట్టణాలలో వైద్య పరికరాల దుకాణాలు నెల అద్దెకు యంత్రం ఇస్తున్నవి. మా బావగారు నెలకు 3,500 రూపాయలిచ్చి తెచ్చుకొన్నారు. మొదటి వారం నానా అవస్థ పడ్డారు. ముక్కు ఎండిపోయింది, మాస్కు ప్రక్కనుండి గాలి కంట్లోకి కొట్టింది, మూడు రాత్రులు తీసి అవతల పెట్టినారు. మాస్కు సైజు మార్చి, తలపట్టీ సడలించిన తర్వాత కుదుటబడింది. పట్టీ ఎంత బిగిస్తే అంత మంచిదనుకొంటారు గాని, అది పొరపాటు. నెలాఖరుకు ఆయన పగలు తూగడం మానినారు. అప్పుడే కొనే మాట ఎత్తినాము. అద్దె దండుగ అని మొదట గొణిగిన మా చెల్లెలే, అరలక్ష పెట్టి కొని మూల పడవేయడంకంటె ఇదే నయమన్నది. అద్దె సొమ్మును కొనుగోలులో తగ్గించే దుకాణాలు కూడా ఉన్నవి. ముందే అడిగి బిల్లు మీద వ్రాయించుకోండి.

మూడవది యంత్రం. డాక్టరు చీటీలో సీప్యాప్ అని ఉంటే సీప్యాపే కొనండి. బైప్యాప్ అనే ఖరీదైన యంత్రాన్ని, అది ఇంకా మంచిదని అంటగట్టేవారు ఉన్నారు. అది కొన్ని ప్రత్యేక స్థితులకు కావలసిన యంత్రం. చీటీలో ఉన్నవారికి తప్పదు, లేనివారికి వద్దు. పరీక్షలో ఒత్తిడి నిర్ణయమైనవారికి సాదా యంత్రం సరిపోతుందా అని డాక్టరును నేరుగా అడగండి. ఈ యంత్రాల ఒత్తిడి 4 నుండి 20 సెంటీమీటర్ల నీటిమట్టం దాకా ఉంటుంది. దానిని దుకాణదారు ఊహించి పెట్టరాదు. చెన్నై, యానాం, బరంపురం వంటి తేమ ఊళ్లలో గాలిని తడిపే పెట్టె లేకుండానే కొందరికి జరిగిపోతుంది. అది తర్వాత తగిలించుకొనే వీలున్న రకం చూచుకొంటే మొదట కొంత మిగులు. చాలా వైద్య పరికరాల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతానికి తగ్గింది. బిల్లు అడిగి తీసికోండి. బిల్లు లేనిదే వారంటీ లేదు.

పాత యంత్రం కొనవచ్చునా అని చాలామంది అడుగుతున్నారు. కొనవచ్చును గాని మూడు జాగ్రత్తలు. ఎన్ని గంటలు నడిచిందో యంత్రమే చూపిస్తుంది, చూడండి. మాస్కు, గొట్టం, ఫిల్టరు మాత్రం కొత్తవే కొనండి. ఫిలిప్స్ యంత్రమైతే దాని సీరియల్ నంబరును కంపెనీవద్ద సరిచూచుకోండి. లోపలి నురుగు పొర చివికి ముక్కలై గాలిలో కలిసే ప్రమాదం ఉన్నదని 2021 జూన్‌లో ఆ కంపెనీ లక్షల యంత్రాలను వెనుకకు పిలిచింది. అందులో మొదటి తరం డ్రీమ్‌స్టేషన్ రకం కూడా ఉన్నది. అటువంటిది చవకగా వచ్చినా వద్దు.

రోజువారీ ఖర్చు భయపడేటంత లేదు. తడిపే పెట్టె లేకుండా నడిపితే ఇంటి ఇన్వర్టరు మీద రాత్రి గడుస్తుంది. మాస్కును సబ్బు నీటితో కడిగి నీడన ఆరబెట్టాలి. మాస్కు ముందున్న సన్నని రంధ్రాలు మనం వదిలిన ఊపిరి బయటికి పోవడానికి. గాలి వృథా అవుతున్నదని వాటికి ప్లాస్టరు అంటించరాదు.

చివరగా మన సంఘానికి ఒక మనవి. ఈ యంత్రాలలో అన్నిటికంటె ఖరీదైనది బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నదే. వారం రోజులు వాడి, పడలేదని మూలపెట్టినవారు మనలోనే ఉన్నారు. యజమాని గతించగా వాడేవారు లేక ఉండిపోయినవీ ఉన్నవి. అటువంటివి సంఘానికి అప్పగిస్తే, దుకాణంలో శుభ్రం చేయించి, సరిచూపించి, డాక్టరు చీటీ తెచ్చినవారికి నెల, రెండు నెలలు ఎరువిచ్చే ఏర్పాటు చేయవచ్చును. మాస్కు ఎవరిది వారు కొనుక్కోవాలి. పుస్తకంలో సంతకం చేసి తీసికొని వెళ్లాలి. పెండ్లి పందిళ్లకు గంగాళాలూ జంబుఖానాలూ ఎరువిచ్చుకొన్న సంఘాలకు ఈ లెక్క కొత్తేమీ కాదు. కార్యవర్గంవారు వచ్చే సమావేశంలో ఈ విషయం ఆలోచించవలెనని కోరుతున్నాము. ఇంట్లో వాడని యంత్రం ఉన్నవారు సంఘ కార్యాలయానికి ఒక కార్డు ముక్క వ్రాసినా, ఎవరిచేతనైనా కబురు పంపినా చాలును.